గ్రంథాలయములలో దయ్యములు
(రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)

    

రజతోత్సవ సంఘమువారు నన్ను గ్రంథాలయ మహిమను గూర్చి మాటలాడుమనిరి. ఆ విషయమును నాకంటె చక్కగా చెప్పగల పండితులు ఈ వేదికమీదనే ఇద్దఱు ముగ్గురు కలరు. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. మహిమలకంటె పద్దులు నాకు బాగుగ తెలియును. అందుచేత వారి అనుమతితో విషయమును మార్చికొని, గ్రంథాలయములలో తిరుగునని చెప్పెడి దయ్యములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. నవ్వకుడు. మన ఉత్తరపు గది సంగతి మీకందఱకు తెలిసినదే. దానిని గూర్చి రచ్చబండ దగ్గఱ గుసగుసలాడినవారే గాని సభలో నోరు విప్పినవారు లేరు. ఆ గదిలోనికి పోవుటకు ముందు కొంత దూరదేశము తిరిగి రావలయును. ఓపికతో వినుడు.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము అనేక కళాశాలల సమూహము. ఒక్కొక్క కళాశాలకు ఒక భోజనశాల, ఒక ప్రార్థనాలయము, ఒక గ్రంథాలయము వేఱువేఱుగా ఉండును. ఇవి గాక అందఱకు ఉమ్మడిగా బోడ్లియన్ అను మహాగ్రంథాలయము కలదు. ఆ కళాశాలలలో సెయింట్ జాన్స్ అనునది 1555లో సర్ థామస్ వైట్ అను లండను వర్తకుడు స్థాపించినది. దాని గ్రంథాలయములో ఒక దయ్యము తిరుగునని చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. అర్ధరాత్రమున మతాచార్యుని వేషములోనున్న యొక ముసలివాడు చేత కొవ్వొత్తి పట్టుకొని బీరువాల నడుమ నడచునట. వానికి మెడపై తల ఉండదు. ఆ తలను తానే నేలపై బంతివలె దొర్లించుచు, కాలితో తన్నుచు పోవునట. రాత్రి చదువుకొనువాని పాదముల కడకు ఆ తల దొర్లి వచ్చునని కూడ కొందఱు చెప్పుదురు. ఆ తల విలియం లాడ్ అను మహాపురుషునిదని ప్రతీతి.

ఇట్టి మాట చెవిని పడినప్పుడు భయపడువాడు భయపడును, నవ్వువాడు నవ్వును. లెక్కలు వ్రాయువాడు మాత్రము మూడు ప్రశ్నలు వేయును. చూచినవాడెవడు? ఏ తేదీ? ఆ సంగతిని వ్రాసి పెట్టిన చేయి ఎవరిది? ఈ మూడును లేనిదే ఏ రొక్కమునకును పద్దు పడదు. ఈ దయ్యమును గూర్చి నేను చదివిన కథనములలో "ఒక విద్యార్థి" యనియు "ఒకానొక రాత్రి" యనియు ఉన్నదే గాని, పేరును లేదు, తేదీయు లేదు. పైగా లాడు తల తెగినది ఆక్స్‌ఫర్డులో కాదు. ఏబది మైళ్లకు పైబడిన దూరములోనున్న లండను నగరమున, టవర్ హిల్ అను వధ్యస్థానమున, 1645 జనవరి 10వ తేదీన. ఆ తేదీకి సాక్షులు వందలకొలది యున్నారు. తల తెగిన సంగతికి రశీదు ఉన్నది. తల దొర్లిన సంగతికి లేదు.

కథను ఇంతటితో కొట్టివేసి ఇంటికి పోవచ్చును. కాని ఆ మనుష్యునిదే యొక కథ కలదు. దయ్యపు కథకంటె అది పెద్దది. దానిని చెప్పక విడువను.

లాడ్ 1573లో రెడింగు పట్టణమున ఒక బట్టల వర్తకుని ఇంట పుట్టెను. కులీనుడు కాడు. సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, 1611లో దానికే అధ్యక్షుడాయెను. 1633లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పయి ఇంగ్లండు దేశపు మతాధికారము నంతటిని చేతబట్టెను. చదువుకొన్న కళాశాలను మఱువలేదు. తన సొమ్ముతో అక్కడ క్రొత్త చతుశ్శాలను కట్టించి, అందులో గ్రంథాలయమును విస్తరింపజేసెను. 1631లో మొదలైన ఆ పని 1636లో పూర్తియైనప్పుడు చార్లెసు రాజును రాణియు వచ్చి ఆయన ఆతిథ్యమును స్వీకరించిరి. అదే సంవత్సరము ఆక్స్‌ఫర్డులో అరబ్బీ భాషకు ఒక ఆచార్యపీఠమును నెలకొల్పెను.

ఇక ఆయన పుస్తకముల పిచ్చి వినుడు. 1634లో రాజుగారిచేత టర్కీ వర్తక సంఘమునకు ఒక ఆజ్ఞ వ్రాయించెను. ఆ సంఘపు ఓడ ఒక్కొక్క ప్రయాణమునుండి తిరిగి వచ్చునప్పుడు అరబ్బీలోనో పారసీలోనో వ్రాసిన గ్రంథమొకటి తప్పక తేవలెను. ఖురాను ప్రతులు మాత్రము అక్కఱలేదు, అవి అప్పటికే చేరియున్నవి. కప్పము క్రింద బంగారము నడిగిన రాజులను విన్నాము గాని, పుస్తకమునడిగిన వారిని విన్నామా? అట్లు సేకరించియు, కొనియు, యాచించియు కూర్చిన సుమారు 1,300 వ్రాతప్రతులను ఆయన 1635 మొదలు 1640 వఱకు విడతలు విడతలుగా బోడ్లియన్ గ్రంథాలయమునకు దానము చేసెను. హీబ్రూ, గ్రీకు, లాటిన్, అరబ్బీ, పారసీ మున్నగు నానాభాషల గ్రంథములు వానిలో కలవు. మనకు సంతోషము కలిగించు సంగతి మఱియొకటి. ఆ దానములో మన దేశపు చిత్రముల సంపుటము కూడ ఒకటి యున్నది. రాగములను స్త్రీపురుష రూపములలో చూపు రాగమాలా చిత్రములు పదునెనిమిది అందులో కలవు. 1640 నాటికే అవి ఆక్స్‌ఫర్డు చేరినవి. ఈస్టిండియా కంపెనీవారు మన గడ్డపై కోటలు కట్టుచున్న ఆ తొలిదినములలోనే మన రాగములు అక్కడి బీరువాలో కూర్చున్నవి.

లాడ్ మంచివాడు మాత్రమే అని నేను చెప్పుట లేదు. పద్దు వ్రాయునప్పుడు జమ ప్రక్కన ఖర్చు కూడ చూపవలెను. తన మతపద్ధతిని కాదన్నవారియెడ ఆయన కఠినుడు. విలియం ప్రిన్ అను న్యాయవాది పుస్తకములు వ్రాసిన నేరమునకు 1634లో చెవులు కోయించుకొనెను. 1637లో మఱల వ్రాసినందులకు మిగిలిన మొదళ్లను గూడ కోసి, చెక్కిళ్లపై రెండు అక్షరములు కాల్చి చెఱలో నుంచిరి. మఱి ఇద్దఱికి కూడ ఆనాడు చెవులు తెగినవి. ఆ న్యాయస్థానములో లాడు సభ్యుడు. వేయి మూడువందల గ్రంథములను కాపాడిన చేయియు, గ్రంథకర్తల చెవులు తెగుటకు తలయూపిన శిరస్సును ఒక్కనివే. ఈ రెండింటిని కలిపి చూచుట కష్టము. కాని విడదీసి చూచుట అసత్యము.

కాలము తిరుగబడినది. 1640లో పార్లమెంటు సమావేశమగుచున్నది. లాడును అధికారమునుండి త్రోసివేయుటకు శత్రువులు కాచుకొని యున్నారు. ఆయనకు దినచర్య వ్రాసికొను అలవాటు కలదు. కలలను గూడ వ్రాసికొనెడివాడు. నోటిలోని పండ్లు కదలిపోయినట్లు వచ్చిన కల కూడ అందులో నున్నది. ఆ యేట అక్టోబరు 27వ తేదీన ఆయన వ్రాసికొన్న సంగతి యిది. ఆక్స్‌ఫర్డునకు పంపవలసిన వ్రాతప్రతులను చూచుకొనుటకై మేడమీది చదువుగదికి పోయెను. ఆ గదిలో గోడపై ఆయన చిత్రపటము వ్రేలాడుచుండెడిది. తలుపు తీసి చూడగా త్రాడు తెగి, పటము బోర్లగిల నేలపై పడియున్నది. పార్లమెంటులో తనకు నాశనము తప్పదని దినదినము బెదరింపులు వచ్చుచున్న సమయమది. ఇది అపశకునము కాకుండును గాక అని దేవుని వేడుకొని దినచర్యను ముగించెను.

అయ్యలారా! ఈ పద్దును చూడుడు. చూచినవాడు కలడు. తేదీ కలదు. వ్రాసిన చేయి కలదు. మూడును కలసినవి. కాని ఇందులో దయ్యము లేదు. పుస్తకముల నడుమ ఒంటరిగా నిలిచిన అఱువదియేడేండ్ల ముసలివాడు, నేలపై పడిన తన ముఖమును చూచి గుండె జల్లుమన్నవాడు, ఆ భయములోనే పుస్తకముల మూటలు సరిచూచి పంపినవాడు. సెయింట్ జాన్స్ గ్రంథాలయమున తిరుగు తల యొకటి నిజముగా నున్నచో అది ఈ పటములోని తలయే అని నాకు తోచును.

ఆ డిసెంబరులోనే ఆయనపై దేశద్రోహ నేరము మోపిరి. 1641 మార్చిలో టవరు కోటలో బంధించిరి. 1643 మే 31వ తేదీ తెల్లవాఱుజామున కోటలోని ఆయన గదిని సోదా చేయుటకు ఒకడు వచ్చెను. ఎవడు? చెవులు లేని ప్రిన్! లాడింకను పఱపుపైననే యుండెను. తన సమర్థనకై ఆయన వ్రాసికొన్న కాగితములను, ప్రార్థన పుస్తకమును, ఆ దినచర్యను గూడ ప్రిన్ తీసికొనిపోయెను. మఱుసటి సంవత్సరము దినచర్యను తనకు వలసినట్లు కత్తిరించి అచ్చు వేయించెను. తన చెవులకు బదులుగా శత్రువు పుస్తకపు చెవులు కోసినాడన్నమాట. ఇంతటి కథను భారతములో చదివినచో వ్యాసులవారి కల్పన అని యనుకొనియుందుము. 1645లో తల తెగునప్పటికి లాడునకు డెబ్బదియొక్క యేండ్లు. లండనులో పూడ్చిన ఆ దేహమును 1663లో, రాజరికము మరల వచ్చిన పిదప, కళాశాల ప్రార్థనాలయమునకు తెచ్చి సమాధి చేసిరి. ఆయన దినచర్య నేటికిని ఆ కళాశాలలోనే భద్రముగా నున్నది.

ఆ కథను చెప్పుకొను యాత్రికులలో ఎందఱకు ఓడకొక పుస్తకము సంగతి తెలియును? ఎందఱకు ప్రిన్ చెవుల సంగతి తెలియును? దయ్యపు కథ ఆ మనుష్యునిలో ఒక తలను మాత్రము ఉంచుకొని, తక్కినదంతయు కొట్టివేసినది. నాకు దయ్యపు కథలపై గల అభియోగము అవి అబద్ధములని కాదు. అవి లెక్క తక్కువ చూపునని.

ఆక్స్‌ఫర్డులోనే మెర్టన్ కళాశాల ప్రక్కన పాతకోట గోడ వెంబడి ఒక బాట కలదు. అక్కడ మోకాళ్లకు పైభాగము మాత్రమే కనబడు సైనికుని దయ్యము నడచునందురు. శత్రువులతో పోరాడక ఒక కోటను విడిచిపెట్టిన నేరమునకు 1645 మే నెలలో కాల్చి చంపబడిన కర్నల్ విండ్‌బ్యాంక్ అతడు. నేలమట్టము ఆనాటికంటె పెరిగినది గనుక దయ్యము పాదములు మన్నులో మునిగియుండునని సమాధానము చెప్పుదురు. ఈ కథ కట్టినవాడు మంచి లెక్కగాడు! ఉన్న దయ్యమునకు లేని కాళ్లను గూడ లెక్కకు సరిపెట్టినాడు.

మన దేశములో ఇట్టివి లేవా? విశ్వవిద్యాలయమునకు చెందినది కాకపోయినను, మన దేశమున కెల్ల పెద్దదైన కలకత్తా జాతీయ గ్రంథాలయమును చూడుడు. అలీపూరులో బెల్వెడియర్ అను పూర్వపు పాలకుల మేడలో 1953 ఫిబ్రవరి 1వ తేదీన మౌలానా ఆజాదుగారు దానిని ప్రజలకు తెఱచిరి. ఆ మేడలో చార్లెసు మెట్‌కాఫ్ దొరగారి భార్య తిరుగుననియు, తీసిన పుస్తకమును తీసినచోట పెట్టని చదువరి మెడపై ఆమె ఊపిరి తగులుననియు ఒక వాడుక కలదు. ఆ భయము మన చదువరులకు కూడ కొంచెముండిన మంచిదే! కాని పద్దు చూచినచో చిక్కు వచ్చుచున్నది. ఆ దొర 1835లో మన పత్రికలకు స్వేచ్ఛ నిచ్చిన పుణ్యాత్ముడు. దొరలెఱిగిన చట్టము ప్రకారము ఆయన పెండ్లియాడలేదు. చట్టసమ్మతుడైన వారసుడు లేక ఆయన బిరుదు ఆయనతోనే అంతరించినది. దొరసాని పదవి పొందిన భార్యయే లేనప్పుడు ఆ భార్య దయ్యమెట్లయ్యెను?

అదే మేడలో 2010లో మరమ్మతులకై పరీక్షించుచుండగా క్రింది అంతస్తున తలుపు గాని కిటికీ గాని లేని భాగమొకటి బయటపడినది. వైశాల్యము సుమారు వేయి చదరపు అడుగులు. దేశమంతట పత్రికలు గగ్గోలు పెట్టినవి. ఖైదీలను హింసించిన చీకటికొట్టు అన్నవారు కొందఱు, నిధి యున్నదన్నవారు కొందఱు. మఱుసటి యేడు శోధించి చూడగా లోపల నున్నది మన్ను. కట్టడమునకు బలము చాలుటకై పునాదిభాగమును మన్నుతో నింపి మూసివేసినారు. మన ఊరిలో అరుగు కట్టినవాడెవడైనను ఆ సంగతిని మొదటి దినముననే చెప్పియుండును.

మఱి కన్నులతో చూచినవారు, ఒడలు గగుర్పొడిచినవారు అందఱును అబద్ధమాడుదురా? ఆడరు. ఇచ్చట ఇంగ్లండు దేశీయుడైన విక్ టాండీ అను ఇంజనీరు అనుభవము చెప్పవలెను. అతడు వైద్యపరికరములు తయారుచేయు ప్రయోగశాలలో పనిచేయుచుండెను. ఆ చోట దయ్యమున్నదని తోడివారనుచుండిరి. ఒక రాత్రి ఒంటరిగా పనిచేయుచుండగా చెమటలు పట్టి, ఎవరో చూచుచున్నట్లు తోచి, కంటికొనలో బూడిదవన్నె ఆకారమొకటి కదలినది. తిరిగి చూచిన లేదు. మఱునాడు తన కత్తిసాము కత్తిని బాగుచేసికొనుటకు తెచ్చి పట్టుకారులో బిగించెను. ఎవరును ముట్టకుండనే ఆ కత్తి గడగడ వణకజొచ్చెను. మనమైనచో పరుగెత్తియుందుము. అతడు కత్తిని గదిలో ఒకచోటినుండి మఱియొకచోటికి జరుపుచు ఎచ్చట వణకునో, ఎచ్చట ఆగునో గుర్తించెను. క్రొత్తగా పెట్టిన గాలి తోడు పంకా పుట్టించు నాదము, సెకనుకు సుమారు 19 కంపములది, గది గోడల నడుమ చిక్కి నిలిచియున్నదని తేలినది. మనుష్యుని చెవికి 20కి తక్కువైన కంపములు సాధారణముగా వినబడవు. చెవికి వినబడదు గాని దేహమునకు తగులును. పంకా బిగింపును మార్చగానే దయ్యము పోయినది. ఈ సంగతిని అతడు 1998లో టోనీ లారెన్సు అను మఱియొకరితో కలసి ప్రకటించెను.

దీనినిబట్టి దయ్యములన్నియు పంకాలే అని తీర్పు చెప్పుట తొందరపాటు. లండనులోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన పరిశోధకులు మొదలగువారు ఒక గదిని ప్రత్యేకముగా కట్టి, అందులో ఇట్టి వినబడని నాదమును, అయస్కాంత ప్రభావమును పుట్టించి, 79 మందిని ఒక్కొక్కరిగా లోపలికి పంపి పరీక్షించిరి. ఫలితములు 2009లో అచ్చుపడినవి. లోపల ఏవైన వింత అనుభవములు కలుగవచ్చునని ముందుగా వారికి చెప్పిరి. పలువురకు కలిగినవి. కాని యంత్రములు పనిచేసినను చేయకున్నను ఒకే విధముగా కలిగినవి! అందుచేత పనిచేసినది నాదము కాదు, ముందు చెప్పిన మాట అని పరిశోధకులు తలంచిరి. "ఆ గదిలో ఏదో యున్నదట" అను మాట ఒకటి చాలును. తక్కినది మన గుండెయే కల్పించుకొనును.

ఇప్పుడు మన ఉత్తరపు గదిలోనికి పోవుదము.

ఆ గదిలోని రెండు టేకు బీరువాలు మన ఊరి బడిలో చిరకాలము పనిచేసి స్వర్గస్థులైన పంతులుగారు ఇచ్చినవి. పుస్తకములతో సహా ఇచ్చిరి. ప్రబంధములు, వ్యాకరణములు, వైద్య గ్రంథములు, ఆగిపోయిన పాత పత్రికల సంపుటములు. కొన్నింటి అంచులలో వారి సన్నని వ్రాత కూడ కలదు. సాయంకాలము ఆఱు మొదలు ఎనిమిదింటి వఱకు ఆ గదిని స్త్రీలకును ఆడపిల్లలకును ప్రత్యేకించి యుంచితిమి. పంతులుగారు పోయిన కొన్ని మాసములకు ఒక పుకారు పుట్టినది. రాత్రివేళ లోపల పుటలు తిరుగు చప్పుడు, దగ్గు వినబడుచున్నవని. పుట్టించినదెవరో నేను వెదకలేదు. అది పనికిరాని పని. పుకారు ఇంటింటికి పోయినది. నెల తిరుగకుండనే ఆడపిల్లలు రావడము మానిరి. పోటీ పరీక్షలకు చదువుకొను పిల్ల యొకతె యుండెను. ఇంటిలో చోటు లేదు, పట్టణమున గది తీసికొనుటకు స్తోమతు లేదు. ఆమె తల్లి ఆమెను పంపక మానివేసినది. ఆ సంవత్సరము ఆమె పరీక్షకు కూర్చుండలేదు. గదికి తాళము పడినది. రెండు వర్షాకాలములు ఆ తాళము తీయలేదు.

గత వేసవిలో కార్యవర్గమువారి తీర్మానముపై ముగ్గురు యువకులతో కలసి తాళము తీసితిమి. ఆ రాత్రి అక్కడనే పండుకొంటిమి. పుటలు తిరుగు చప్పుడు విన్నాము. గవాక్షము ప్రక్క మేకునకు తగిలించిన పాత పంచాంగము గాలికి కొట్టుకొనుచున్నది. బీరువాల టపటపలు విన్నాము. పగటి ఎండకు సాగిన చెక్క రాత్రి చల్లబడి ముడుచుకొనుచున్నది. ఇంటిలో పాత మంచమున్న ప్రతివానికి తెలిసిన చప్పుడే. దగ్గు మాత్రము ఆ రాత్రి వినబడలేదు. అది గుడ్లగూబ కావచ్చును, మఱియొకటి కావచ్చును. లెక్కలలో సంగతి తేలని రొక్కమును అనామతు ఖాతాలో వ్రాసి యుంచుదుము. జమకట్టము, కొట్టివేయము. ఆ దగ్గును నేను అనామతులో వ్రాసియున్నాను. పంతులుగారే వచ్చి దగ్గుచున్నారని ఎవరైన నమ్మినచో నేను వాదింపను. ఆయన బ్రతికినంతకాలము పిల్లలు చదువుకొనుచున్నారా లేదా అని చూచి పోవుటకు తప్ప వేఱు పనికై ఎవరి గుమ్మము తొక్కలేదు. అట్టివానిని చూచి ఆడపిల్లలు జడియవలసిన పనియేమి? అనామతు ఖాతాలో నాలుగణాలున్నవని అంగడి మూసికొన్న వర్తకుని నేను చూడలేదు. చందమామలో భేతాళ కథలు చదివి పెరిగినవారమే గదా మనమందఱము! విక్రమార్కుడు శవమును భుజమున మోసెనే గాని, భేతాళుడున్నాడని దారి మూయించెనా?

అసలు నష్టము తెల్లవాఱిన పిదప కనబడినది. బీరువా తలుపులు తీయగానే మన్ను రాలినది. టేకు చెక్కను ముట్టలేదు గాని, వెనుక గోడ నెఱ్ఱెనుండి దారి చేసికొని, చెద దిగువ రెండు అరలలోనికి చేరినది. అట్టలు అట్లే నిలిచియున్నవి. చేత పట్టుకొనగా లోపల పుటలకు బదులు మన్ను. పైని చెప్పిన కలకత్తా మేడలోవలె మనకును మూసిన గదిలో మన్నే దొరికినది. పుస్తకములను తిన్నది దయ్యము కాదు. రెండేండ్లు ఎవరును తీసి చూడని బీరువాలో చెదకు భయమేమి? పంతులుగారి వైద్య గ్రంథములు పోయినవి. వారి వ్రాత గల సంపుటములలో రెండు మాత్రము మిగిలినవి.

అవి చేతిలో పట్టుకొన్నప్పుడు నాకు గుణాఢ్యుడు జ్ఞాపకమునకు వచ్చెను. సోమదేవుని కథాసరిత్సాగరములో నున్న కథ యిది. శాతవాహన రాజు కొలువున మంత్రియైన గుణాఢ్యుడు ఒక పందెములో ఓడి సంస్కృత ప్రాకృత దేశభాషలను మూటిని విడిచి, వింధ్యారణ్యమునకు పోయెను. అచ్చట కాణభూతి యను పిశాచము చెప్పగా విని, పిశాచముల భాషలోనే, సిరా లేక తన నెత్తుటితో, ఏడు సంవత్సరములలో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను వ్రాసెను. దానిని రాజునకు పంపగా, పైశాచ భాష, నెత్తుటి వ్రాత, ఛీ యని రాజు త్రోసివేసెను. గుణాఢ్యుడు కొండపై అగ్నిగుండము వేసి, ఒక్కొక్క పత్రమును చదివి మృగములకు వినిపించి నిప్పులో వైచుచుండెను. మృగములు మేత మాని కన్నీళ్లతో వినుచుండెను. మేత లేని మృగముల మాంసము ఎండిపోయి రాజునకు జబ్బు చేసినది. కారణము విచారించి రాజు పరుగెత్తి వచ్చునప్పటికి ఆఱు లక్షలు బూడిదయైనవి. లక్ష మిగిలినది. ఆ మూల గ్రంథము కూడ తరువాత నశించి, నేడు మనకు తరువాతివారు చెప్పిన కథలుగా మాత్రమే తెలియుచున్నది. రాజు చెడ్డవాడు కాడు. పిశాచముల వాసన యున్నదని పుస్తకము తెఱచి చూడలేదు, అంతే.

ఉత్తరపు గదిని ఇక కుర్చీలు బల్లలు పెట్టుకొను కొట్టుగా మార్చవలెనని ఒక సూచన కార్యవర్గము ముందున్నది. చెడిన గదిని ఏదో యొక పనికి వాడుకొనుట మంచిదను సదుద్దేశముతో వచ్చిన సూచనయే. కాని నేను దానికి వ్యతిరేకముగా చేయి ఎత్తెదను. ఈ సభలోనే ముందుగా చెప్పుచున్నాను. గది చెడలేదు. వెనుక గోడ నెఱ్ఱెను సున్నముతో పూడ్పించితిమి. బీరువాలను గోడకు జానెడు ఎడముగా జరిపి, కాళ్లక్రింద రాతిపలకలు పెట్టించితిమి. గవాక్షము కడ నున్న పంచాంగమును తీసివేసితిమి. దాని సంవత్సరము గడచి చాలకాలమైనది. చదువుబల్లపై క్రొత్త దీపము వ్రేలాడుచున్నది. తాళపుచెవి గ్రంథపాలకుని బల్లప్రక్క మేకుననే యుండును, అడిగినవారికెల్ల ఇచ్చెదరు.

మిగిలిన పుస్తకముల పట్టికను నేను తిరిగి వ్రాసి ముగించితిని. వాకిట నోటీసు పలకకు అంటించియున్నది. పంతులుగారి వ్రాత గల రెండు సంపుటములును అందులో మొదటి రెండు సంఖ్యలు. ఇంటికి తీసికొనిపోవుటకు వీలులేదు, అక్కడనే కూర్చుండి చదువవలెను. రేపు సాయంకాలము ఆఱు గంటలకు గది తెఱచెదరు. పరీక్షకు చదువుకొను ఆ పిల్ల తల్లిగారు కూడ ఈ సభలో నున్నారు. ఆమెతో నిన్న మాటలాడితిని. పిల్లను తానే వెంటబెట్టుకొని వచ్చి, చదువు ముగియు వఱకు ప్రక్కన కూర్చుందుననినది. ఆమెకు చదువు రాదు. ఆమెకొఱకు ఒక కుర్చీ అదనముగా వేయుడని గ్రంథపాలకునికి చెప్పియున్నాను.